కదలిక సెన్సార్ బోర్డు

కదలిక సెన్సార్ బోర్డు అంటే తనను ఏ వస్తువుకు కట్టామో ఆ వస్తువు ఎటు వంగింది, ఎంత జోరుగా ఊగింది, ఎంత వేగంగా తిరిగింది అన్న సంగతులను అంకెలుగా అందించే చిన్న ఎలక్ట్రానిక్ పలక. ఎక్కువగా అమ్ముడుపోయే రకం సుమారు రెండు సెంటీమీటర్ల పొడవు, ఒకటిన్నర సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మధ్యలో 4 మిల్లీమీటర్ల చదరపు నల్లటి చిప్, చుట్టూ నాలుగైదు కెపాసిటర్లు, ఒక వోల్టేజి రెగ్యులేటర్, అంచున వరుసగా రంధ్రాలు ఉంటాయి. పని చేసేది చిప్పే. కానీ దాని కాళ్లు పొట్ట కింద దాగి ఉంటాయి, చేతి సోల్డరింగ్ ఐరన్‌కు అందవు. వాటిని మనిషి వేళ్లు పట్టుకోగలిగిన దూరాలకు తెచ్చి పెట్టడమే బోర్డు చేసే మేలు. ఇంజనీరింగ్ కాలేజీల ప్రాజెక్టుల్లో, బడి పిల్లల ప్రయోగాల్లో, ఒంటి మీద ధరించే పరికరాల తొలి నమూనాల్లో, డ్రోన్లలో, బొమ్మల్లో దీన్ని వాడతారు.

దుకాణంలో 'మోషన్ సెన్సార్' అని అడిగితే చాలాసార్లు వేరే వస్తువు చేతికొస్తుంది. తెల్లటి ప్లాస్టిక్ గుబ్బ ఉన్న ఆ పరికరం పరారుణ సెన్సార్. ఒంటి వేడి ఉన్న ప్రాణి ఎదుట నుంచి కదిలితే గుర్తుపడుతుంది. ఈ రకానికి మన దగ్గర ఒక పెద్ద ప్రయోగశాల నల్లమల అడవి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో చెట్లకు కట్టే కెమెరా ట్రాప్‌లు పరారుణ సెన్సార్ మేల్కొల్పితేనే ఫొటో తీస్తాయి. 2018లో జరిగిన దేశవ్యాప్త పులుల గణనలో ఇలాంటి కెమెరాలను 26,838 చోట్ల అమర్చారు. ప్రపంచంలో అతి పెద్ద కెమెరా ట్రాప్ సర్వేగా అది గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ సెన్సార్ ఎదుటివారి కదలికను చూస్తుంది. ఈ వ్యాసం చెప్పే బోర్డుకు ఎదుట ఏముందో ఏమాత్రం తెలియదు. దానికి తెలిసేది తన ఒంటికి తగిలేదే. పులి మెడకు కట్టే రేడియో కాలర్‌లో ఉండేది ఈ రెండో రకం. జంతువు గంటల తరబడి కదలకపోతే కాలర్ పంపే సంకేతం మారిపోతుంది, అటవీ సిబ్బంది అప్రమత్తమవుతారు.

అది నిజంగా కొలిచేది

బోర్డులో సాధారణంగా రెండు సెన్సార్లుంటాయి: త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్, తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్. కొన్నిటిలో అయస్కాంత దిశ చెప్పే మాగ్నెటోమీటర్ కూడా చేరుతుంది. ఒక్కో సెన్సార్‌కు మూడేసి అక్షాలు కాబట్టి అమ్మేవారు వాటిని 'ఆరు అక్షాలు', 'తొమ్మిది అక్షాలు' అని లెక్క చెబుతారు.

కొత్తవారు మొదట తికమకపడేది యాక్సిలరోమీటర్ దగ్గరే. బల్ల మీద కదలకుండా పెట్టిన బోర్డు సున్నా చూపించాలి కదా అనుకుంటారు. అది నిలువు అక్షంలో 1 జి, అంటే భూమ్యాకర్షణ త్వరణమంత, చూపిస్తుంది. అదే బోర్డును చేతిలోంచి జారవిడిస్తే, నేలను తాకే లోపల, అంటే వేగం నిజంగా పెరుగుతున్న ఆ క్షణాల్లో, దాదాపు సున్నా చూపిస్తుంది. కారణం సూటిగానే ఉంది. చిప్ లోపల స్ప్రింగులకు వేలాడే చిన్న ముద్ద ఉంటుంది. ఆ ముద్ద మీద స్ప్రింగు ఎంత బలం పెట్టాల్సి వస్తోందో సెన్సార్ కొలుస్తుంది. బల్ల మీద ఉన్నప్పుడు స్ప్రింగు ఆ ముద్దను భూమ్యాకర్షణకు ఎదురుగా మోస్తుంది. పడిపోతున్నప్పుడు రెండూ కలిసే పడతాయి, మోయాల్సిందేమీ ఉండదు. అంటే ఈ బోర్డు కదలికను కొలవదు, తోపును కొలుస్తుంది. కదలిక ఏమిటన్నది మనం ఆ అంకెల నుంచి ఊహించి తీయాల్సిందే. ఊహ ఎంత సరిగ్గా ఉంటుందన్నది బోర్డును ఎక్కడ కట్టాం, ఎవరికి కట్టాం అన్నదాని మీద ఆధారపడుతుంది. ఈ రంగంలో విఫలమయ్యే ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం వైరింగ్ దగ్గర కాదు, ఇక్కడే విఫలమవుతాయి.

ఆ 1 జి కూడా అన్నిచోట్లా ఒకే విలువ కాదు. ప్రామాణిక విలువ సెకను వర్గానికి 9.80665 మీటర్లు. శ్రీశైలం 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, సముద్రమట్టానికి సుమారు 450 మీటర్ల ఎత్తున ఉంది. సూత్రం ప్రకారం లెక్క కడితే అక్కడ 9.783 దగ్గర తేలుతుంది. తేడా 2.4 మిల్లీ-జి. దీన్ని పట్టుకోవచ్చని ఎవరైనా ఉబలాటపడితే చిప్ డేటాషీట్ చూడటం మంచిది. ఇలాంటి బోర్డుల్లో ఎక్కువగా కనిపించే ఎంపీయూ-6050 చిప్‌లో ఫ్యాక్టరీ నుంచి వచ్చే సున్నా దోషం అడ్డం అక్షాల్లో 50 మిల్లీ-జి, నిలువు అక్షంలో 80 మిల్లీ-జి వరకూ ఉండవచ్చు. వెతికే తేడా కంటే పరికరం తప్పు ఇరవై, ముప్పై రెట్లు పెద్దది. అందుకే ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు బోర్డును ఆరు ముఖాల మీదా ఒక్కోసారి నిలబెట్టి, వచ్చిన అంకెలు రాసుకుని, ఆ దోషాన్ని ప్రోగ్రామ్‌లో తీసివేయడం ఆనవాయితీ. వేసవిలో నంద్యాల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ గదిలో చేసిన ఈ సవరింపు ఆరుబయట కొంత చెదిరిపోతుంది కూడా.

చిప్ లోపల

సిలికాన్‌ను రసాయనాలతో చెక్కి, కదిలే భాగాలున్న అతి సూక్ష్మ యంత్రాలు తయారుచేసే ఈ విద్యను క్లుప్తంగా మెమ్స్ అంటారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాయ్‌లాన్స్, ఏంజెల్ 1979లో సిలికాన్ యాక్సిలరోమీటర్‌ను వివరించారు. ఇప్పటి చిప్‌లలో వేలాడే ముద్ద అంచుకు దువ్వెన పళ్లలాంటి వేళ్లుంటాయి. అవి స్థిరంగా ఉన్న మరో వరుస పళ్ల మధ్య దూరి ఉంటాయి. ముద్ద కాస్త జరిగితే పళ్ల మధ్య ఎడం మారుతుంది, దాంతో కెపాసిటెన్స్ మారుతుంది. ఆ మార్పును పక్కనే ఉన్న సర్క్యూట్ అంకెగా మారుస్తుంది.

గైరోలో గిర్రున తిరిగే చక్రమేమీ లేదు. సిలికాన్ ముద్దను సెకనుకు దాదాపు 30 వేల సార్లు అటూ ఇటూ ఊపుతూనే ఉంటారు. చిప్ తిరిగినప్పుడు కోరియోలిస్ బలం ఆ ఊపును పక్కకు నెడుతుంది. ఎంత నెట్టిందో చూసి తిరిగిన వేగం చెబుతారు. నిరంతరం ఊపాల్సి రావడం వల్లే గైరో కరెంటు ఎక్కువ తాగుతుంది. ఎంపీయూ-6050లో యాక్సిలరోమీటర్‌కు అర మిల్లీఆంపియర్ చాలు, గైరోకు 3.6 కావాలి. ఒంటి మీద ధరించే పరికరాలకు ఇదే పెద్ద తలనొప్పి.

ఇలాంటి యాక్సిలరోమీటర్ చిప్‌ను ముందుగా మోసింది మనిషి కాదు, కారు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవాలా వద్దా అని తేల్చడానికి అనలాగ్ డివైసెస్ కంపెనీ 1990ల మొదట్లో తెచ్చిన ఎడిఎక్స్ఎల్50 ఈ రకంలో పెద్ద ఎత్తున అమ్ముడైన తొలి చిప్‌లలో ఒకటి. తర్వాత ఆటవస్తువులు అందుకున్నాయి. 2006లో నింటెండో వీ ఆట పరికరం రిమోట్‌లో అదే కంపెనీ ఎడిఎక్స్ఎల్330 పెట్టింది. చెయ్యి ఊపితే తెర మీద బ్యాట్ ఊగేది. 2007లో ఐఫోన్ యాక్సిలరోమీటర్‌తో, 2010లో ఐఫోన్ 4 గైరోతో వచ్చాయి. కోట్ల ఫోన్లకు కావాల్సి రావడంతో చిప్ ధర పడిపోయింది, ఆ లాభం సరదాగా సర్క్యూట్లు కట్టుకునేవారికి దక్కింది. 2003లో స్థాపించిన ఇన్వెన్‌సెన్స్ కంపెనీ గైరోను, యాక్సిలరోమీటర్‌ను ఒకే చిప్‌లో కలిపి ఎంపీయూ-6050 తెచ్చింది. ఆ కంపెనీని 2017లో జపాన్‌కు చెందిన టీడీకే కొనేసింది. కొత్త డిజైన్లకు ఆ చిప్ వాడవద్దని తయారీదారే చెబుతున్నా, దాన్ని మోసే జీవై-521 అనే నీలం బోర్డు మన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇంకా రాజ్యమేలుతోంది. చౌక, దొరికే ఉదాహరణ ప్రోగ్రామ్‌లు ఎక్కువ, అంతే కారణం.

ఘాట్ రోడ్డు మీద

యాక్సిలరోమీటర్ ఉండగా గైరో ఎందుకు అన్న ప్రశ్నకు దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే ఘాట్ రోడ్డు మంచి జవాబు. బస్సు నేలకు బోర్డును బిగించామనుకుందాం. బస్సు నిలకడగా ఉన్నప్పుడు భూమ్యాకర్షణ ఏ అక్షంలో ఎంత పడిందో చూసి వాలు ఎన్ని డిగ్రీలో తేలిగ్గా చెప్పవచ్చు. ఇప్పుడు 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపులో బస్సు గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే, పక్కకు 0.21 జి తోపు పుడుతుంది. యాక్సిలరోమీటర్‌కు మలుపు తోపుకూ భూమి లాగుడుకూ తేడా తెలియదు. రోడ్డు సమతలంగా ఉన్నా బస్సు 12 డిగ్రీలు ఒరిగిందని చెబుతుంది. మలుపు వెంట మలుపు వచ్చే దారిలో ఆ అంకెలకు అర్థముండదు.

గైరో మలుపులో మోసపోదు. తిరిగిన వేగాన్ని కాలంతో గుణించి కూడుతూ పోతే కోణం వస్తుంది. అయితే దానికి ఇంకో జబ్బు ఉంది. కదలకుండా ఉన్నా కొద్దిపాటి వేగం చూపిస్తూనే ఉంటుంది, ఆ కొద్దీ కూడుకుంటూ కొన్ని నిమిషాల్లో కోణం ఎటో కొట్టుకుపోతుంది. యాక్సిలరోమీటర్ క్షణక్షణానికీ తడబడుతుంది కానీ దీర్ఘకాలంలో నమ్మదగినది. గైరోది సరిగ్గా తిరగబడిన స్వభావం. అందుకే రెండింటినీ కలుపుతారు. అతి సులువైన పద్ధతిలో కొత్త కోణంలో 98 శాతం గైరో మాట, 2 శాతం యాక్సిలరోమీటర్ మాట తీసుకుంటారు. ప్రోగ్రామ్‌లో ఇది ఒక్క వరుస, చాలా పనులకు ఇదే సరిపోతుంది. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రతిపాదించిన ఫిల్టర్, 2010 నాటి మాడ్గ్‌విక్ పద్ధతి ఇదే పనిని మరింత నేర్పుగా చేస్తాయి. ఇవేవీ రాసుకునే ఓపిక లేనివారికి బాష్ కంపెనీ బీఎన్‌ఓ055 ఉంది. అందులో ఒక చిన్న ప్రాసెసర్ ఈ కలపడమంతా తానే చేసి, నేరుగా దిశ చెబుతుంది.

ఏ ఫిల్టరూ తీర్చలేని ఆశ ఒకటుంది. త్వరణాన్ని రెండుసార్లు కూడితే దూరం వస్తుంది కాబట్టి, జీపీఎస్ సిగ్నల్ అందని అడవిలో బస్సు ఎక్కడుందో ఈ బోర్డుతో తెలుసుకోవచ్చని ఏటా కొందరు విద్యార్థులు ప్రతిపాదిస్తుంటారు. కాగితం మీద తప్పేమీ లేదు. ఒక్క మిల్లీ-జి దోషం మిగిలినా నిమిషంలో 17 మీటర్ల పైచిలుకు, పది నిమిషాల్లో ఒకటిన్నర కిలోమీటర్లకు మించి తప్పు పేరుకుంటుంది. సవరించని బోర్డులో 50 మిల్లీ-జి ఉంటే, ఒక్క నిమిషానికే 880 మీటర్లు. విమానాలు, క్షిపణులు ఈ పద్ధతితోనే దారి కనుక్కుంటాయి, కానీ వాటి సెన్సార్ల ధర వేరు, తరగతి వేరు.

అడుగుల లెక్క

దూరం కొలవలేని ఈ బోర్డు అడుగులను మాత్రం బాగా లెక్కపెడుతుంది. మనిషి మామూలు నడకలో సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాడు. నడుముకు కట్టిన సెన్సార్‌లో ప్రతి అడుగుకూ ఒక శిఖరం లేస్తుంది. మూడు అక్షాల విలువలను కలిపి మొత్తం పరిమాణం తీసుకుంటే బోర్డు ఎటు తిరిగి ఉన్నా ఇబ్బంది లేదు. రెండు శిఖరాల మధ్య వ్యవధి 0.2 సెకన్లకు తక్కువైతే అది బస్సు కుదుపు, 2 సెకన్లు దాటితే ఆగి వేసిన అడుగు. రెండింటినీ వదిలేసి మిగతావి లెక్కిస్తారు. సెకనుకు 50 రీడింగులు చాలు. అన్నట్టు, రోజుకు పదివేల అడుగులు నడవాలన్న మాట ఏ వైద్య పరిశోధన నుంచో వచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరే 'పదివేల అడుగుల మీటరు'.

శివరాత్రికి, ఉగాదికి శ్రీశైలం నడిచి వెళ్లేవారి దారి ఈ లెక్కకు గట్టి పరీక్ష. ఆత్మకూరు వైపు వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా వచ్చి, భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ కైలాసద్వారానికి ఎక్కాలి. మెట్లు, రాళ్లు, ఎగుడుదిగుళ్లు. అలసిన కాలు ఈడుస్తూ వేసిన అడుగుకు శిఖరం పొట్టిగా వస్తుంది, లెక్కలోంచి జారిపోతుంది. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తుల్లో కొందరు కర్రకాళ్ల మీద నడుస్తారు. కర్ర నేలను తాకే దెబ్బ మెత్తటి పాదం దెబ్బలా ఉండదు. మామూలు నడకకు రాసిన ప్రోగ్రామ్‌ను వారి మీద వాడాలంటే హద్దులన్నీ మళ్లీ చూసుకోవాల్సిందే. పైగా ఎక్కుడు ఎంత, దిగుడు ఎంత అన్నది యాక్సిలరోమీటర్ చెప్పలేదు. దానికి గాలి పీడనం కొలిచే బీఎంపీ280 లాంటి సెన్సార్ తోడు కావాలి. సుమారు తొమ్మిది మీటర్లు పైకి వెళ్తే పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. ఈ చిప్ మీటరు తేడాను కూడా పట్టుకోగలదు. జీవై-87 లాంటి బోర్డుల మీద గైరో, యాక్సిలరోమీటర్, దిక్సూచి, పీడన సెన్సార్ నాలుగూ ఒకేచోట దొరుకుతాయి.

ఒంటి మీదికి

బల్ల మీద పనిచేసిన సర్క్యూట్ బట్ట మీద పనిచేయాలంటే కథ వేరు. 2007లో లియా బ్యూక్లీ రూపొందించిన లిలీప్యాడ్ అనే ఆర్డుయినో (ప్రోగ్రామ్ రాసుకోగల చిన్న మైక్రోకంట్రోలర్ పలక) బోర్డు ఈ దారి తెరిచింది. అది పువ్వులా గుండ్రంగా ఉంటుంది. చుట్టూ రేకుల్లా ఉన్న రంధ్రాల గుండా వెండి పూత పూసిన దారంతో బట్టకు కుట్టేయవచ్చు, వైరు పని ఆ దారమే చేస్తుంది. ఎడిఎక్స్ఎల్335 ఉన్న యాక్సిలరోమీటర్ బోర్డు కూడా ఇదే వరుసలో వచ్చింది. తర్వాత అడాఫ్రూట్ కంపెనీ ఫ్లోరా పేరుతో ఇలాంటి గుండ్రటి బోర్డులు తెచ్చింది. కుట్టుపని వచ్చినవారు ఎలక్ట్రానిక్స్ వచ్చినవారి కంటే ఇక్కడ బాగా నెగ్గుకొస్తారు. వదులు కుట్టు అంటే వదులు కనెక్షనే.

ఎడిఎక్స్ఎల్335 అనలాగ్ చిప్. 3 వోల్టుల సరఫరా మీద ఒక్కో జికి సుమారు 300 మిల్లీవోల్టుల తేడా ఇస్తుంది. ఒక్కో అక్షానికి ఒక్కో తీగ కావాలి. డిజిటల్ చిప్‌లు రెండే తీగలతో మాట్లాడతాయి, ఫిలిప్స్ కంపెనీ 1982లో తెచ్చిన ఐ2సి పద్ధతిలో. అది ఒకే పలక మీద ఉన్న చిప్‌ల కోసం పుట్టిన పద్ధతి. భుజం మీది బోర్డు నుంచి మడమ దాకా దారం కుట్టి దాని గుండా ఐ2సి నడపబోతే మధ్యలో మాట తప్పిపోతుంటుంది. చెమట పడితే మరీను. ఉతకడానికి ముందు బోర్డు విప్పుకునేలా ప్రెస్ బటన్లు పెట్టడం అనుభవజ్ఞుల అలవాటు.

బ్యాటరీ సంగతి లెక్కతోనే తెలుస్తుంది. 220 మిల్లీఆంపియర్-గంటల నాణెం బ్యాటరీ మీద ఎంపీయూ-6050ను నిరంతరం నడిపితే రెండు రోజులు కాస్త దాటుతుంది. మైక్రోకంట్రోలర్, బ్లూటూత్ ఖర్చు ఇందులో కలపనేలేదు. గైరో అక్కర్లేని పనికి ఎల్ఐఎస్3డీహెచ్ లాంటి యాక్సిలరోమీటర్ వాడితే సెకనుకు 50 రీడింగుల దగ్గర 11 మైక్రోఆంపియర్లే తీసుకుంటుంది. అదే బ్యాటరీ మీద అది రెండేళ్లకు పైగా సాగుతుంది. చాలా పనులకు గైరో అక్కర్లేదు. డబ్బా మీద తొమ్మిది అక్షాలని రాసి ఉన్నందుకే అన్నిటినీ తిప్పాలన్న నియమం ఎక్కడా లేదు.

తెలుగునాట ఈ బాటలో ప్రపంచం చూసిన వస్తువు లేచల్ చెప్పులు. క్రిస్పియన్ లారెన్స్, అనిరుధ్ శర్మ స్థాపించిన డ్యూసెర్ టెక్నాలజీస్ హైదరాబాద్ నుంచి వీటిని తయారుచేసి 2014లో ప్రపంచానికి చూపించింది. ఫోన్‌లోని మ్యాపు కుడికి తిరగమంటే కుడి చెప్పు, ఎడమకైతే ఎడమ చెప్పు అడుగున కంపిస్తుంది. చూపు లేనివారికి దారి చెప్పడం కోసం పుట్టిన ఆలోచన ఇది. తర్వాత అడుగులు, ఖర్చయిన కేలరీలు లెక్కపెట్టే పనీ చేరింది. చెవులను ట్రాఫిక్ చప్పుడుకు వదిలేసి కబురును పాదానికి చేర్చడమే ఇందులోని తెలివి.

పడిపోవడం, సాగిలపడటం

ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే రెండు అంశాలు చేతి సైగలతో నడిచే చక్రాల కుర్చీ, పెద్దవాళ్లు పడిపోతే కబురు పంపే బెల్టు. మొదటిది తేలిక: చెయ్యి వంపు ఎటుంటే కుర్చీ అటు. రెండోది కనిపించినంత తేలిక కాదు. పడిపోవడంలో మూడు ఘట్టాలుంటాయి. మొదట విలువ 1 జి కంటే బాగా తగ్గుతుంది, వెంటనే నేల తాకిన దెబ్బకు ఒక్కసారిగా ఎగుస్తుంది, ఆ తర్వాత శరీరం అడ్డంగా, కదలకుండా ఉంటుంది. మూడూ వరుసగా వస్తేనే గంట మోగాలి. కానీ చాలా ప్రాజెక్టులు పని తగ్గించుకుని మూడో ఘట్టం ఒక్కటే చూస్తాయి, ఒళ్లు అడ్డం తిరిగితే చాలు, పడినట్టే.

ఆ బెల్టు కట్టుకుని శ్రీశైలంలో ధ్వజస్తంభం ముందు సాష్టాంగ నమస్కారం చేసిన పెద్దాయన ఇంటికి వెంటనే కబురు పోతుంది. పొర్లుదండాలు పెడితే ఆ యంత్రం ఏమనుకుంటుందో చెప్పనక్కర్లేదు. నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చోవడం, పీట మీంచి లేవడం, నులకమంచం మీద వాలడం ఇక్కడి ఒంటికి రోజువారీ కదలికలు. కదలికలను గుర్తుపట్టడం నేర్పడానికి ప్రపంచమంతా వాడే పేరున్న నమూనా సమాచారం ఒకటి 2012లో ఇటలీలోని జెనోవా నుంచి వచ్చింది. 30 మంది నడుముకు ఫోన్ కట్టి సెకనుకు 50 రీడింగుల చొప్పున సేకరించారు. అందులో ఉన్నవి ఆరే వర్గాలు: నడవడం, మెట్లెక్కడం, మెట్లు దిగడం, కూర్చోవడం, నిలబడటం, పడుకోవడం. నేల మీద కూర్చోవడమనే వర్గమే లేదు. దాన్ని దించుకుని 'మా ప్రోగ్రామ్ 95 శాతం సరిగ్గా చెబుతుంది' అని రాసే రిపోర్టులకు నంద్యాల ముసలవ్వల గురించి తెలిసేది శూన్యం. ఆ ఊరి కాలేజీ విద్యార్థి తన వీధిలో పదిమందికి బోర్డు కట్టి సొంతంగా సమాచారం సేకరిస్తే, అది హైదరాబాద్ అమీర్‌పేటలో తయారుగా కొనుక్కున్న ప్రాజెక్టు కంటే ఎన్నో రెట్లు విలువైన పని.

పశువులకు ఈ గొడవ తక్కువ. బెంగళూరుకు చెందిన స్టెల్లాప్స్ వంటి కంపెనీలు ఆవు ఒంటికి కట్టే పరికరంతో అది ఎంత తిరుగుతోందో గమనించి ఎదకొచ్చిన వేళను చెబుతున్నాయి. ఎదలో ఉన్న ఆవు అసహనంగా ఎక్కువ తిరుగుతుందన్నది ప్రతి రైతుకూ తెలిసిందే. రాత్రంతా కాపలా కాసి చూడటమే కష్టం, ఆ పని సెన్సార్ చేస్తుంది.

చేతకాని పనులు

ఆళ్లగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పులు ఉలి, సుత్తితో పాటు ఇప్పుడు కరెంటు గ్రైండర్లు వాడతారు. కంపించే పనిముట్లను ఏళ్ల తరబడి పట్టుకుంటే వేళ్ల చివర్లు తిమ్మిరెక్కి తెల్లబడే జబ్బు వస్తుందన్నది వైద్యానికి బాగా తెలిసిన విషయం. ఐరోపా నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి సెకను వర్గానికి 2.5 మీటర్ల కంపనం దాటితే జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు. ఈ బోర్డును చేతి కడియంలా కట్టి ఆ లెక్క తీయవచ్చు కదా అనిపిస్తుంది. నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 183. ఉదాహరణ ప్రోగ్రామ్‌లు చదివినట్టు సెకనుకు వంద రీడింగులే తీసుకుంటే, ముందు ఫిల్టర్ పెట్టకపోతే ఆ 183 కాస్తా 17గా కనిపిస్తుంది. అంకెలు ముచ్చటగా ఉంటాయి, కానీ పచ్చి అబద్ధం. సరైన కొలతకు సెకనుకు 8 నుంచి 1,000 కంపనాల దాకా చూడాలి. ఎంపీయూ-6050 యాక్సిలరోమీటర్ చూడగలిగింది 260 వరకే. ఇక ఉలి మీద సుత్తి దెబ్బ దాని 16 జి హద్దును తేలిగ్గా దాటిపోతుంది. హద్దు దాటిన విలువను చిప్ హద్దు దగ్గరే కత్తిరించేస్తుంది. అది వంద జి దెబ్బా, ఇరవై జి దెబ్బా అన్నది తర్వాత ఎవరూ చెప్పలేరు. సెకనుకు 3,200 రీడింగులిచ్చే ఎడిఎక్స్ఎల్345 కొంత మెరుగు, గరిష్ఠ హద్దు మాత్రం అదే 16.

శ్రీశైలం కుడిగట్టు విద్యుత్ కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు ఉన్నాయి. అలాంటి భారీ యంత్రాల బేరింగుల కంపనాన్ని కొలవడానికి పరిశ్రమ వాడేది వేరే తరగతి సెన్సార్లు. వాటి ఒక్కదాని ధరకు ఈ బోర్డులు గంపెడొస్తాయి.

భూకంపాల విషయంలో మాత్రం చౌక చిప్‌కు అనుకోని గౌరవం దక్కింది. ఒంటరిగా ఇది బలహీనమే. సెకనుకు పది కంపనాల లోపు చూస్తే దాని సొంత రొదే ఒక మిల్లీ-జి కంటే కాస్త ఎక్కువ. మనిషికి తెలిసేంతగా నేల ఊగితే తప్ప దానికీ తెలియదు. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర వచ్చిన 5.4 తీవ్రత భూకంపం లాంటిది దగ్గర్లో వస్తే పట్టుకుంటుంది, చిన్న అదుర్లను పట్టదు. కానీ ఒక ఊళ్లో వేల ఫోన్లు ఒకేసారి ఊగితే అది లారీ వెళ్లిన కుదుపు కాదని తేల్చవచ్చు. గూగుల్ ఆండ్రాయిడ్ ఫోన్లలోని యాక్సిలరోమీటర్లను ఇలా కలిపి నడిపే భూకంప హెచ్చరిక వ్యవస్థ 2023 సెప్టెంబరులో భారత్‌కు వచ్చింది.

కొనడం, కలపడం

జీవై-521 బోర్డు మన దగ్గర రెండు మూడు వందల రూపాయల లోపే దొరుకుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దుకాణాల్లో కొనేవారు కొందరు, ఇంటికి తెప్పించుకునేవారు ఎక్కువ మంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల వల్ల 6 నుంచి 12 తరగతుల పిల్లలకు ఆర్డుయినో, సెన్సార్లు బళ్లోనే తారసపడుతున్నాయి. 2023 మార్చిలో హైదరాబాద్ రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్ నమూనాలు తయారుచేసుకునేవారికి యంత్రాలు అందుబాటులో ఉంచింది. చిన్న పిల్లలకైతే విడి బోర్డు కంటే 2016లో బ్రిటన్ నుంచి వచ్చిన మైక్రోబిట్ మేలు. యాక్సిలరోమీటర్, దిక్సూచి అందులోనే అమర్చి ఉంటాయి, సోల్డరింగ్ పనే లేదు.

జీవై-521కు తగిలించాల్సిన ముఖ్యమైన తీగలు నాలుగు: కరెంటుకు రెండు, ఐ2సికి రెండు. చిప్ చిరునామా హెక్స్ లెక్కలో 68. ఏడీ0 అనే కాలికి 3.3 వోల్టులిస్తే 69 అవుతుంది. అందువల్ల ఒకే తీగల జత మీద రెండు బోర్డులు పెట్టవచ్చు, మోచేతికి పైన ఒకటి, కింద ఒకటి కట్టి చెయ్యి మడత కోణం తీయవచ్చు. కరెంటు ఇవ్వగానే చిప్ నిద్రలోనే ఉంటుంది. 107వ రిజిస్టర్‌లో సున్నా రాస్తే తప్ప మేల్కోదు. అన్నీ సరిగ్గా కలిపినా సున్నాలే వస్తున్నాయని బోర్డు మార్చేవాళ్లు ముందు ఆ ఒక్క వరుస ఉందో లేదో చూసుకోవాలి. ప్లస్-మైనస్ 2 జి హద్దులో 16,384 అంటే 1 జి, గైరోలో 250 డిగ్రీల హద్దుకు 131 అంటే సెకనుకు ఒక డిగ్రీ. హద్దు పెంచితే ఈ భాగహారం కూడా మారాలి.

నకిలీలు విరివిగా ఉన్నాయి. చిప్ మీద పేరు ఒకటి, లోపల సరుకు ఇంకొకటి. 117వ రిజిస్టర్ చదివితే అసలు ఎంపీయూ-6050 హెక్స్ లెక్కలో 68 అని బదులిస్తుంది. 70, 72, 98 లాంటివి వస్తే అది వేరే చిప్. చాలా లైబ్రరీలు, అంటే చిప్‌తో మాట్లాడటానికి సిద్ధంగా దొరికే ప్రోగ్రామ్‌లు, అక్కడే పని ఆపేస్తాయి. పనిచేయదని పారేయనక్కర్లేదు, ఎక్కువగా అంకెలు బాగానే ఇస్తుంది, లైబ్రరీలో ఆ తనిఖీ వరుస సవరించుకోవాలి. దిక్సూచి చిప్‌లోనూ ఇదే తంతు. హెచ్‌ఎంసీ5883ఎల్ అని అమ్మే బోర్డుల్లో చాలావాటిలో ఉండేది క్యూఎంసీ5883ఎల్. మొదటిది హెక్స్ 1ఈ చిరునామాలో, రెండోది 0డీలో పలుకుతుంది. ఒకదానికి రాసిన ప్రోగ్రామ్ రెండోదానికి పనికిరాదు. కాబట్టి కొత్త బోర్డు చేతికి రాగానే ముందు చిరునామాలు వెతికే చిన్న ప్రోగ్రామ్ నడిపి, ఎవరు పలికారో చూసి, ఆ తర్వాతే లైబ్రరీ దించుకోవాలి.